పతకములు చెప్పునవి, చెప్పనివి



పతకమును చూడగానే, "ఇది దేనికి ఇచ్చినారు?" అని అడుగుతాము. ఈ సాయంత్రము మరొక ప్రశ్న కూడ వేసుకుందాము: పతకము అందుకొనుటకు మిగలని వారి మాటేమిటి? ఇందుకొరకు సర్ మార్టిమర్ వీలర్ గారి జీవితమును మీ ముందుంచుతున్నాము. 1944 నుండి 1948 వరకు మన దేశపు పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న పండితుడాయన. ఆయన ఫిరంగిదళపు అధికారి కూడ అని ఎరిగినవారు తక్కువ.

ఆయన 1890లో గ్లాస్గోలో జన్మించినారు. లండన్‌లో చదువుకొని, త్రవ్వకాల పనిలో అడుగుపెట్టిన కొద్ది కాలానికే 1914లో యుద్ధము వచ్చినది. టెరిటోరియల్ ఫిరంగిదళములో ఆయన అధికారి అయినారు. ఈ దళమువారు వృత్తి సైనికులు కారు. శాంతి కాలములో ఎవరి ఉద్యోగము వారు చేసుకుంటూ, తీరిక వేళల్లో కవాతు నేర్చి, అవసరము వచ్చినప్పుడు కదలిపోయేవారు.

1918 ఆగస్టులో ఫ్రాన్సు యుద్ధభూమిలో, తమ ముందు వరుసకు సుమారు 300 గజముల దూరములో, గుర్రములు లేక నిలిచిపోయిన రెండు జర్మను ఫిరంగులు ఆయన కంటబడినవి. వెనుకకు పోయి, ఆరేసి గుర్రముల జట్లు రెండింటిని తెచ్చి, శత్రువు చూస్తూ కాల్పులు జరుపుతుండగానే ఆ రెండింటిని లాగించుకొని వచ్చినారు. అందుకు మిలిటరీ క్రాస్ లభించినది. అది వెండి సిలువ. తెల్లని రిబ్బను నడుమ ఊదారంగు చార.

ఆయన పేరు చివర టి.డి. అనే అక్షరములు కూడ ఉండేవి. అది టెరిటోరియల్ అధికారుల దీర్ఘసేవకు గుర్తు. దానికి సాధారణముగా 20 సంవత్సరముల సేవ కావలెను. యుద్ధకాలపు సేవను రెండింతలుగా లెక్కించేవారు. మొదటిది ఒక్క దినపు సాహసమునకు, రెండవది ఏండ్ల తరబడి ఓపికకు. మా మట్టుకు రెండవది చిన్నదని తోచదు.

అయితే ఈ పతకములు చెప్పని మాట ఒకటున్నది. 1913లో ఇంగ్లండులోని రాక్సిటర్ త్రవ్వకాలలో కలిసి పనిచేసిన విద్యార్థులు ఐదుగురిలో, యుద్ధము ముగిసేనాటికి మిగిలినది తానొక్కడేనని వీలర్ గారు తరువాత వ్రాసుకొన్నారు. ఒక తరము పండితులు పోయినారు. వారు చేయవలసిన పని మిగిలినవాని భుజములపై పడినది.

1939లో ఆయన వయస్సు 49. అయినను మరల దళములో చేరి, విమాన విధ్వంసక ఫిరంగుల బలగమును కూర్చి, ఉత్తర ఆఫ్రికాలోను, 1943లో ఇటలీలోని సలెర్నోలోను పనిచేసినారు. 1943లో లిబియాలోని రోమను శిథిలములు సైనికుల చేతిలో పాడు కాకుండ కాపాడుటకు పాటుపడినారు. చేత ఫిరంగి ఉన్నను, మనస్సు రాళ్ళను మరువలేదు.

మన దేశమునకు వచ్చిన 1944లోనే తక్షశిలలో విద్యార్థులకు శిక్షణ శిబిరము పెట్టినారు. 1945లో పుదుచ్చేరి చెంత అరికమేడులో త్రవ్వగా, ఇటలీ నుండి వచ్చిన మట్టిపాత్రల పెంకులు దొరికినవి. వాటి కాలము తెలిసినదే గనుక, వాటితో దొరికిన మన పాత్రలకు కాలము కట్టగలిగినారు. ఆ ఆధారముతో 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పొరలను విడదీసి, పై పొరలోని సంస్కృతికి "ఆంధ్ర" అని పేరు పెట్టినారు. శాతవాహనుల కాలమును పుస్తకములలోనే గాక, మట్టిలో కూడ చదువవచ్చునని మన తెలుగువారికి అట్లు తెలిసినది. ఆయన కట్టిన తేదీలలో కొన్నిటిని తరువాతి పరిశోధకులు మార్చినారు. బృహత్‌శిలా సమాధుల కాలము ఎంతో వెనుకకు జరిగినది. పొరపొరను వ్రాసిపెట్టమని ఆయన నేర్పినందుననే ఆ దిద్దుబాటు సులభమైనది.

1952లో ఆయనకు సర్ బిరుదు వచ్చినది. 1976లో కన్నుమూసినారు.

సహోదరులారా, మిగిలినవాడు పోయినవారికి బాకీపడి ఉంటాడు. ఆ బాకీ పతకముతో తీరదు. పనితోను, ఆ పనిని పిన్నలకు నేర్పుటతోను కొంత తీరుతుంది. మన ఇండ్లలో పెద్దలు విడిచిన పతకమో, యోగ్యతాపత్రమో ఉంటే దానిని తుడిచి పెట్టెలో దాచుటతో ఆగవద్దు. దాని వెనుక ఉన్న పేర్లను, రాని వారి పేర్లను కూడ, మన పిల్లలచేత వ్రాయించుదాము.