ముగ్గు వచ్చిన చేతికి ప్రోగ్రామింగ్ కొత్త కాదు



ప్రోగ్రామింగ్ అంటే పని ఎలా చేయాలో కంప్యూటర్‌కు వరుసగా చెప్పడమే. 1967లో అమెరికాలో సేమూర్ పాపర్ట్ బృందం పిల్లల కోసం లోగో భాషను తయారుచేసింది. అందులో 'ముందుకు 100, కుడికి 90' అని నాలుగుసార్లు చెబితే తెరమీది తాబేలు చదరం గీస్తుంది. మన ముగ్గూ అంతే: ఒక మూల గీసి, దాన్నే నాలుగు వైపులా తిప్పుతాం. తమిళుల కోలాలను మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు 1974లోనే గణిత వ్యాకరణ సూత్రాలతో వివరించారు.

కంప్యూటర్ అంటే జంకే పల్లెటూరి ఆడపిల్లకు ముగ్గుతో పాఠం మొదలుపెడితే ఆ జంకు పోతుంది. తప్పితే చెరిపి మళ్ళీ వేయడం ఆమెకు అలవాటే.

కనుక వచ్చే సంక్రాంతిలోగా దగ్గరి బడికి వెళ్దాం. ప్రోగ్రాం మాస్టారు చెబుతారు. ముగ్గు మన సోదరీమణులు నేర్పుతారు.