ఇంట్లో గోల్ఫ్: ఏది ముందు కొనాలి, ఏది తరువాత



గోల్ఫ్ అనగానే ఇది మన ఆట కాదు, దొరల ఆట అని చాలామంది అనుకుంటారు. కాని ఈ ఆట మన దేశానికి వచ్చి దాదాపు రెండు వందల ఏళ్ళయింది. కలకత్తాలో రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829లోనే వెలసింది. బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు పుట్టింది 1876లో. టోక్యో ఒలింపిక్ క్రీడలు 2021లో జరిగినప్పుడు బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క దెబ్బ తేడాలో పతకం చేజారింది. ఆ తరువాత ఈ ఆట మీద మన వాళ్ళ చూపు కూడా పడింది. బెంగళూరులోనూ, హోసూరులోనూ, చెన్నైలోనూ, పుణెలోనూ తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్ళల్లో గోల్ఫ్ నేర్చుకుంటామనే పిల్లలూ, ఉద్యోగ విరమణ తరువాత కర్ర పట్టుకున్న పెద్దలూ ఇప్పుడు కనిపిస్తున్నారు.

అయితే క్లబ్బులో సభ్యత్వం అంత తేలికగా దొరకదు. దొరికినా ఆ రద్దీలో వెళ్ళి రావడానికే పూట గడిచిపోతుంది. అందుకని కొందరు ఇంట్లోనే గోల్ఫ్ సిమ్యులేటర్ పెట్టుకుందామని ఆలోచిస్తున్నారు. సిమ్యులేటర్ అంటే మరేమీ లేదు. గదిలో ఒక తెర కట్టి, దాని మీదికి నిజమైన బంతిని నిజమైన కర్రతో కొడతాం. బంతి ఎంత వేగంతో, ఏ దిక్కుగా పోయిందో ఒక పరికరం కొలుస్తుంది. అసలు మైదానంలో అయితే ఆ బంతి ఎక్కడ పడేదో లెక్క కట్టి కంప్యూటరు తెర మీద చూపిస్తుంది.

ఇది వేలతో మొదలై లక్షల దాకా పోయే ఖర్చు. అందుచేత ఏది కొనాలి అన్న ప్రశ్నకంటే ఏది ముందు కొనాలి అన్న ప్రశ్న ముఖ్యం. చాలామంది అంగడిలో మెరిసిపోతున్న బొమ్మను చూసి ప్రొజెక్టరుతో మొదలుపెడతారు. అది నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు. సరైన వరుస ఏమిటో చూద్దాం.

మొట్టమొదట కొనవలసింది కొలత టేపు. గది చాలుతుందో లేదో తేలకుండా మరే వస్తువు జోలికీ పోకూడదు. డ్రైవర్ అనే పెద్ద కర్ర పొడవు సుమారు 45 అంగుళాలు, అంటే మూడు ముప్పావు అడుగులు. మనిషి చేతులెత్తి దాన్ని తిప్పితే సుమారు తొమ్మిది అడుగుల ఎత్తు కావాలి. ఆరడుగుల మనిషికి పది అడుగులుంటే నిశ్చింత. మన ఇళ్ళలో నేల నుంచి స్లాబు దాకా మామూలుగా తొమ్మిదిన్నర అడుగులు ఉంటుంది. చాలుతుంది కదా అనుకుంటాం. కాని గది నడిమధ్య దూలం ఉంటే ఆ మేరకు ఎత్తు తగ్గుతుంది. కాళ్ళ కింద వేసే మ్యాటు రెండు అంగుళాలు తినేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పైన ఫ్యాను ఉంటుంది. దాని రెక్కలు స్లాబుకు అడుగు కిందుగా తిరుగుతాయి. ఆ ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెట్టుకోవలసిందే. ట్యూబులైటు సంగతీ అంతే.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంట్లో ఒకరిని దూరంగా నిలబెట్టి చూడమనండి. మీరు డ్రైవరు పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కీ ముందుకీ తిప్పండి. కర్ర కొస స్లాబుకూ గోడలకూ ఎక్కడైనా జానెడు దగ్గరికి వచ్చిందంటే ఆ గది పనికిరాదు. తగలకపోయినా తగులుతుందేమో అన్న భయం మనసులో ఉంటే చేయి ముడుచుకుపోతుంది. అలా కొట్టడమే అలవాటవుతుంది.

ఇక వెడల్పు. ఒక్కరే, అదీ కుడిచేతివాటం వారే ఆడేటట్టయితే పన్నెండు అడుగులు చాలు. ఇంట్లో ఎడమచేతివాటం వారు కూడా ఉంటే బంతిని గది మధ్యలో పెట్టాలి. అప్పుడు పద్నాలుగు, పదిహేను అడుగులు కావాలి. పొడవు ఎంత కావాలన్నది కొలిచే పరికరాన్ని బట్టి మారుతుంది. అది కాసేపట్లో చెబుతాను.

రెండోది కాళ్ళ కింద పరిచే మ్యాటు. దీని విషయంలో పొదుపు పనికిరాదు. పచ్చిక నేల మీద కర్ర కాస్త కిందికి దిగితే మట్టి లేచిపోతుంది, దెబ్బ నేల భరిస్తుంది. సిమెంటు గచ్చు మీద పలచని మ్యాటు వేసి కొడితే ఆ దెబ్బ మణికట్టుకూ, మోచేతికీ వస్తుంది. రోజుకు వంద బంతులు కొడితే వంద దెబ్బలు. మోచేతి లోపలి వైపు కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నరాలవంటి భాగం దెబ్బతింటే వచ్చే నొప్పికి వైద్యులు గోల్ఫర్స్ ఎల్బో అనే పేరే పెట్టారు. ఒకసారి వచ్చిందంటే నెలల తరబడి వదలదు.

మ్యాటుకు ఇంకో గుణం కూడా ఉంది. బంతికి వెనకాల నేలను కొట్టినా, కర్ర మ్యాటు మీద జారి బంతికి తగులుతుంది. మైదానంలో సగం దూరం కూడా పోని దెబ్బ ఇక్కడ బాగానే పోయినట్టు కనిపిస్తుంది. అందుచేత మందంగా, లోపల మెత్తని పొర ఉండి, కర్ర కాస్త దిగేటట్టు ఉన్న మ్యాటు చూడండి. బంతి పెట్టే పట్టీని విడిగా మార్చుకునే వీలుండాలి, ఎందుకంటే ముందు అరిగేది అదే. మీరు నిలబడే చోటూ, బంతి ఉండే చోటూ ఒకే ఎత్తులో ఉండాలి.

మూడోది వల, లేదా తెర. గోల్ఫ్ బంతి చిన్నదే. నిబంధనల ప్రకారం దాని అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. కాని మామూలు ఆటగాడు డ్రైవరుతో కొట్టినా అది గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోగలదు. తెర తొమ్మిది అడుగుల దూరంలో ఉందనుకోండి. బంతి అక్కడికి చేరడానికి పట్టే సమయం సెకనులో ఇరవయ్యో వంతు. పక్కకు తప్పుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

కాబట్టి తెర గట్టిగా బిగించి కట్టకూడదు, కాస్త వదులుగా వేలాడాలి. వెనక గోడకూ తెరకూ మధ్య అడుగైనా ఖాళీ ఉండాలి. బంతికీ తెరకూ మధ్య ఎనిమిది నుంచి పది అడుగులు ఉంచాలి. తెర కట్టిన ఇనుప గొట్టాలకు బంతి తగిలితే తిన్నగా మీ మీదికే వస్తుంది. అందుకని గొట్టాలన్నిటికీ మందపాటి స్పాంజి తొడుగు వేయాలి. కర్ర మెడకు తగిలిన బంతి ముందుకు పోకుండా పక్కకు దూసుకుపోతుంది. ఆ వైపు కిటికీ అద్దాలుంటే, వాటి ముందు కూడా వల దించాలి. ఇంట్లో చిన్న పిల్లలుంటే నేల మీద ఒక గీత గీసి, ఎవరు కర్ర పట్టుకున్నా మిగిలిన వారు ఆ గీత దాటి రాకూడదని మొదటి రోజే కట్టడి చేయండి.

నాలుగోది అసలు పరికరం, లాంచ్ మానిటర్. ఇందులో ముఖ్యంగా రెండు జాతులున్నాయి.

ఒకటి రాడారు. రోడ్డు మీద పోలీసులు వాహనాల వేగం కొలిచే యంత్రం లాంటిదే ఇదీ. కదిలే వస్తువు నుంచి వచ్చిన తరంగంలో మార్పు వస్తుందని, ఆ మార్పును బట్టి వేగం తెలుస్తుందని 1842లో డాప్లర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన సూత్రం మీదే ఇది పనిచేస్తుంది. డెన్మార్క్‌లో 2003లో మొదలైన ట్రాక్‌మ్యాన్ సంస్థ ఈ పద్ధతిని గోల్ఫ్‌లో ప్రసిద్ధం చేసింది. వృత్తి ఆటగాళ్ళు వాడే ఆ యంత్రం సామాన్యుడికి అందేది కాదు. 2021లో గార్మిన్ సంస్థ అప్రోచ్ ఆర్10 అనే చిన్న రాడారును అమెరికాలో 600 డాలర్లకు విడుదల చేశాక ఇంట్లో పెట్టుకునేవారి సంఖ్య పెరిగింది.

రెండోది కెమెరా. ఇది బంతి పక్కనే, అడుగు దూరంలోనో, నెత్తిన స్లాబుకో ఉంటుంది. కర్ర తగిలిన మరుక్షణం బంతిని వరుసగా ఫోటోలు తీసి లెక్క కడుతుంది.

రెంటిలో ఏది మంచిది? మీ గది చెబుతుంది. రాడారు మీ వెనకాల ఆరు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటుంది. బంతి ముందుకు మరో ఎనిమిది అడుగులైనా ఎగరడం అది చూడాలి. తెర వెనక ఖాళీతో కలిపితే మొత్తం పదహారు, పద్దెనిమిది అడుగుల పొడవు కావాలి. మీ గది పద్నాలుగు అడుగులే అనుకోండి. గోడ దగ్గర ఒక అడుగు, బంతికి ముందు ఎనిమిది అడుగులు, కర్ర వెనక్కి తిప్పడానికి ఐదు అడుగులు. రాడారుకు చోటే లేదు. అక్కడ కెమెరాయే గతి. మిద్దె మీద ఆరుబయట వల కట్టుకునే వారికి మాత్రం రాడారే అనుకూలం. చాలా కెమెరా పరికరాలకు ఎండ పడితే చూపు మసకబారుతుంది. పక్కన పెట్టే కెమెరాను కుడి, ఎడమ వాటం వారు మారినప్పుడల్లా జరపాలి. ఇది కూడా గుర్తుంచుకోండి.

అమ్మేవారిని తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ అంకెల్లో యంత్రం నిజంగా కొలిచేవి ఏవి, ఊహించి లెక్క కట్టేవి ఏవి? బంతి వేగం, లేచే కోణం, పోయే దిక్కు, తన చుట్టూ తాను తిరిగే సుడి, ఈ నాలుగే మూలం. చవక పరికరాల్లో చాలావాటికి, గదిలో ముఖ్యంగా రాడారుకు, సుడిని పట్టుకోవడం కష్టం. బంతి కుడికో ఎడమకో వంపు తిరిగేది ఆ సుడి వల్లే. దాన్ని ఊహించి చూపించే యంత్రం మీ తప్పును మీకు చెప్పలేదు. సుడి చదవడానికి ప్రత్యేకమైన గుర్తులున్న బంతులు కావాలా, వాటి ధర ఎంత అన్నదీ అడగండి.

ఇంకా మూడు ప్రశ్నలు. ఏటేటా చందా కట్టకపోతే యంత్రం పనిచేస్తుందా, ఆగిపోతుందా? ఆట బొమ్మలు నడవడానికి ఎలాంటి కంప్యూటరు కావాలి? పాడైతే ఇక్కడే బాగు చేస్తారా, విదేశానికి పంపాలా? చౌకగా వస్తుందని విదేశం నుంచి తెప్పించే ముందు దిగుమతి సుంకాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

చిట్టచివర ప్రొజెక్టరు. పది అడుగుల వెడల్పు బొమ్మ కావాలనుకుందాం. త్రో నిష్పత్తి ఒకటిన్నర ఉన్న ప్రొజెక్టరును తెరకు పదిహేను అడుగుల దూరంలో పెట్టాలి. అంటే మీ వెనకాల. తెర మీద మీ నీడే పడుతుంది. అదే నిష్పత్తి సున్నా పాయింట్ ఎనిమిది అయితే ఎనిమిది అడుగులు చాలు. స్లాబుకు బిగిస్తే నీడ బాధ ఉండదు. కొనేముందు ఈ గుణకారం ఒక్కటి చేసుకోండి. అసలు ప్రొజెక్టరు లేకపోయినా ఆట నేర్చుకోవడం ఆగదు. అంకెలు ఫోను మీద చూసుకోవచ్చు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఒక మాట. తెరకు బంతి తగిలిన చప్పుడు గోడలు దాటుతుంది. మ్యాటు మీద దెబ్బ కింది ఇంటివారి నెత్తిన పడుతుంది. కింద దట్టమైన రబ్బరు పొర వేయండి, ఆడే వేళలు కింది ఇంటివారితో మాట్లాడి పెట్టుకోండి. చెన్నై, యానాం, బరంపురం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తెరకూ మ్యాటుకూ బూజు పట్టకుండా గదిలో గాలి ఆడనివ్వాలి, ఇనుప గొట్టాలకు తుప్పు పట్టని పూత ఉండాలి.

పిండికొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఒక మంచి మ్యాటు, ఒక గట్టి వల, ఈ రెండే ముందు కొనండి. మూడు నెలలు ఆడండి. మనవాళ్ళకు ఆరంభశూరత్వం ఉందని ఒక అపవాదు ఉంది కదా, అది మీ విషయంలో నిజమో కాదో ఈ మూడు నెలల్లో తేలిపోతుంది. నిజమైతే మీకు లక్షలు మిగులుతాయి. వలను వాకిట్లో కట్టి పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. కాకపోతే అప్పుడు కొలిచే యంత్రం కొనండి. అప్పటికి మీ దెబ్బ మీకు కాస్త తెలిసి ఉంటుంది కాబట్టి, యంత్రం చెప్పే అంకెకు అర్థమూ తెలుస్తుంది. ప్రొజెక్టరు సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఇంత చేసినా వాలు నేల మీద నిలబడి కొట్టడం, ఇసుక గుంటలోంచి బంతిని లేపడం, గాలిని అంచనా వేయడం ఏ గదీ నేర్పలేదు. నెలకు ఒకసారైనా పిల్లల్ని తీసుకుని పచ్చిక మీదికి వెళ్ళండి. గదిలో నేర్చుకున్నది ఎంతవరకు నిలిచిందో అక్కడ తేలుతుంది.