ఏ గుహలకు పోవలెను?

(బళ్ళారిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగము)



రాబోవు సెలవులలో మన సంఘమువారు పిల్లలతో కూడ పోయి ఆదిమానవుల కాలమునాటి గుహలను చూచి రావలెనని కార్యవర్గము తీర్మానించినది. ఏ గుహలకు పోవలెనన్నది మాత్రము తీర్మానింపలేదు. ఆ విషయమును సభవారికి నివేదింపుమని నన్ను కోరిరి. నేను పదవ తరగతితో చదువు చాలించి కొట్టున కూర్చున్నవాడను. కందులు, శనగలు తూచుట తెలియునుగాని పురావస్తుశాస్త్రము తెలియదు. అయినను ఈ పని నాకప్పగించుట న్యాయమే. ఐదేండ్ల క్రిందటి గుహాయాత్ర చెడిపోవుటకు కారకుడను నేనే గదా!

ఆ సంగతి మీలో కొందరు మరచియుందురు. నేను మరువలేదు. మే నెలలో నలువదిమందిని బస్సున ఎక్కించి బేతంచెర్ల సమీపముననున్న బిలసర్గం గుహలకు తీసికొనిపోయితిని. మేము చేరునప్పటికి మిట్టమధ్యాహ్నము. బస్సు పోగలిగినంత దూరము పోయి నిలిచినది. అక్కడినుండి ముండ్లపొదల నడుమ కాలినడక. తెచ్చుకొన్న నీళ్ళు దారిలోనే అయిపోయినవి. ఒక పెద్దమ్మగారు రాతిపై జారి మోకాలు గాయపరచుకొనిరి. ఎట్లో గుహలోనికి చేరిన పిమ్మట ఎనిమిదేండ్ల బాలుడొకడు నలుదిక్కులు చూచి, "పెద్దనాన్నా, ఇక్కడ ఏమున్నది?" అని అడిగెను. గోడలపై బొమ్మలు లేవు. విగ్రహములు లేవు. గబ్బిలముల కంపు మాత్రముండెను. "ఆదిమానవులుండిరి నాయనా" అంటిని. "ఎక్కడ?" అనెను. నాకు జవాబు తోచలేదు. తిరుగుదారిలో బస్సులో నాతో మాటలాడినవారు లేరు. కొన్ని కుటుంబములవారు ఆనాటినుండి సంఘపు యాత్రలకు రావుటయే మానుకొనిరి.

ఆ బాలుని ప్రశ్నకు జవాబు వెదకుచు దొరకిన పుస్తకములు చదివితిని. చలికాలమున మరి రెండుమారులు ఒంటరిగా పోయి ఆ గుహలను చూచి వచ్చితిని. అందుచేత నేడు మాటలాడుటకు కొంత ధైర్యము కలిగినది.

ఇప్పుడు సభవారి యెదుట మూడు పేర్లున్నవి. మధ్యప్రదేశమునందలి భీంబేట్కా, నంద్యాల జిల్లాలోని బెలుం, మరల అదే బిలసర్గం.

భీంబేట్కాకు పోవలెనని మన యువకులు పట్టుబట్టుచున్నారు. వారి కోరిక తప్పు కాదు. భోపాలునకు దక్షిణముగా ఇంచుమించు 45 కిలోమీటర్ల దూరమున, వింధ్యపర్వత శ్రేణి యంచున ఆ రాతిచూరులు గలవు. ఇవి నేలలోనికి దిగు గుహలు కావు. గాలికిని వానకును అరిగి, క్రింద మనుష్యులు తలదాచుకొనునట్లుగా ముందుకు వంగిన పెద్ద బండలు. 1957లో వాకణకర్ పండితుడు రైలులో పోవుచు దూరమునుండి ఆ కొండలను చూచి, ఇచ్చట ఏదో ఉండునని తలచి, దిగి పోయి వెదకెనని చెప్పుదురు. ఆ ప్రాంతమంతయు కలిపి ఏడువందలకు పైగా రాతిచూరులున్నను, చూడవచ్చినవారికి దారి యేర్పరచినవి పదునైదు మాత్రమే. 2003లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఎఱ్ఱ రంగుతోను, తెల్ల రంగుతోను గీసిన ఎద్దులు, జింకలు, ఏనుగులు, వేటగాండ్రు, చేతులు పట్టుకొని ఆడువారు అచ్చట కానవత్తురు. ఒక కాలమువారు గీసిన బొమ్మపై మరియొక కాలమువారు గీసిరి. భీంబేట్కా గొప్పతన మిందులోనే యున్నది. ఎవ్వరును వివరింపనక్కరలేదు. చిన్నబిడ్డయు చూచి "అదిగో ఎద్దు!" అనును.

ఒక చిత్రమైన సంగతి. అచ్చటి పెద్ద గుహ పైకప్పున 55 కోట్ల ఏండ్లనాటి ప్రాణి అచ్చు కనబడినదని 2021లో పండితులు ప్రకటించిరి. పత్రికలన్నియు వ్రాసెను. 2023లో మరికొందరు పోయి పరీక్షింపగా అది రాలిపోయిన తేనెపట్టు మరక యని తేలినది. మొదట ప్రకటించినవారును ఒప్పుకొనిరి. పండితులకే ఇట్లు జరిగినప్పుడు, కందిపప్పులో రాయిని చూడలేదని నన్ను నిందించుట భావ్యము కాదని మనవి.

ఇక దూరము. గుంతకల్లున రైలెక్కినచో భోపాలు చేరుటకు ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి పట్టును. రాకపోకలు, బస కలిపిన ఐదు దినములు. కొట్లు మూసికొని ఐదు దినములు రాగలవారు మనలో ఎందరు? ఆ ఖర్చు భరింపగల కుటుంబములు మాత్రమే పోయినచో అది సంఘపు యాత్ర యెట్లగును? ఆ కారణముచేత ఈ యేడు భీంబేట్కా వలదని నా అభిప్రాయము. కాని జీవితములో ఒక్క ఆదిమ స్థలమునే చూడగల భాగ్యము కలిగినచో అదియే చూడవలెనని గూడ చెప్పుచున్నాను. నెలనెల కొంత మొత్తము కూడబెట్టి వచ్చుయేడు పోవుటకు ఇప్పుడే చిట్టా తెరువవచ్చును.

బెలుం గుహలను మన పెద్దలు కోరుచున్నారు. కొలిమిగుండ్ల సమీపమునందలి యీ గుహ పొడవు 3,229 మీటర్లు. అందు కిలోమీటరున్నర దాక చూడనిత్తురు. మెట్లు, విద్యుద్దీపములు కలవు. పాతాళగంగ యను చోట నేలమట్టమునకు 46 మీటర్ల లోతునకు దిగుదుము. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొర దీనిని గూర్చి వ్రాసెను. 1982 మొదలు 1984 వఱకు గెబాయర్ అను జర్మను దేశస్థుడును ఆయన అనుచరులును లోపల తిరిగి కొలిచి పటము గీసిరి. వేడుకకు బెలుంను మించినది లేదు. కాని అది ముఖ్యముగా నీరు సున్నపురాతిని తొలిచి చేసిన వింత. ఆదిమానవుని కొఱకు పోవువారు అచ్చట ప్రకృతిని చూచి తిరిగి వత్తురు. లోపల ఉక్కయు ఎక్కువ. ఉబ్బసము గలవారు పైననే కూర్చుండుట మేలు.

మిగిలినది బిలసర్గం. బిలస్వర్గమను మాటయే నోటనోట ఇట్లు మారినదందురు. పైకప్పు కూలి కనుమవలె తెరచుకొన్న ఇరుకైన లోయ, నడుమ సహజమైన రాతి కమానులు, ఇరుప్రక్కల గుహలు. 1844లో న్యూబోల్డ్ అను సైనికాధికారి దీనిని గూర్చి ప్రకటించెను. పిమ్మట 1883 మొదలు 1885 వఱకు ఫూట్ దొరయు, ఆయన కుమారుడు హెన్రీయు త్రవ్వించిరి. ఒక గుహకు ఎముకల కొట్టమనియు, ఒకదానికి పెద్ద దేవళమనియు అర్థమిచ్చు ఇంగ్లీషు పేర్లు పెట్టిరి. వేలకొలది జంతువుల యెముకలు దొరకినవి. వానిని లిడెక్కర్ పండితుడు పరీక్షించి 1886లో వివరములు ప్రకటించెను. అందు ఖడ్గమృగము కూడ కలదు! నేడు కందులు, శనగలు పండు ఆ నేలపై ఒకనాడు ఖడ్గమృగములు మేసినవి.

మన కాలమున మరల కొందరు పండితులు అచ్చటి మట్టిపొరలను శోధించి 2014లో తేల్చిన విషయము నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. రెండు లక్షల ఏండ్ల కాలములో ఆ గుహల చుట్టు తిరిగిన పాలిచ్చు జంతువులలో ఇరువదియొక్క రకములను వారు గుర్తించిరి. ఎన్ని కఱవులు వచ్చినను, ఎంత చలి వచ్చినను, వానిలో ఒక్కటి మాత్రమే లోకమునుండి పూర్తిగా నశించినది. తక్కినవి నేటికిని ఎక్కడనో బ్రతికియున్నవి.

మనుష్యుల జాడయు లేకపోలేదు. మన సీమలో గుహను గవి యందుము. ఆ ప్రాంతముననే ముచ్చట్ల చింతమాను గవి యని యొకటి కలదు. 1970 దశకమున అందు త్రవ్వగా ఎముకలతో చేసిన పనిముట్లును, ఒక పొయ్యి గుర్తును కనబడినవి. ఆ పొయ్యిలో కాలిన మట్టిని పరీక్షింపగా ఇంచుమించు 17,000 ఏండ్లనాటిదని తేలినది. ఆ బాలుడు అడిగిన "ఎక్కడ?" అను ప్రశ్నకు జవాబు ఇదియే. గోడలపై కాదు, కాళ్ళక్రింది మట్టిలో. నేనానాడు ఈ సంగతి యెఱిగి, బస్సు కదలుటకు ముందే పిల్లలకు పొయ్యి కథ చెప్పియున్నచో వారి చూపు వేరుగా నుండెడిది. బిలసర్గం వట్టి గుహ కాదు. వట్టి చేతులతో పోయినవాడను నేను.

బనగానపల్లె దగ్గరి జ్వాలాపురమును గూర్చి గూడ ఒక్క మాట. ఇంచుమించు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము పగిలినప్పుడు ఎగసిన బూడిద అచ్చట పొరగా పడియున్నది. ఆ పొరకు క్రిందను పైనను రాతి పనిముట్లు దొరకినవని 2007లో ప్రకటింపబడినది. అంతటి విపత్తుకు పూర్వమును తరువాతను అచ్చట మనుష్యులుండిరన్న మాట. ఆ బూడిదను త్రవ్వి తోముడు పొడులలో కలుపుటకు అమ్మిరి. అట్టి పొడి పొట్లములు నా కొట్టులోను ఉండెడివి. అందులో ఏమున్నదో నేనెన్నడును అడుగలేదు. వ్యాపారినైనందుకు సిగ్గుపడిన దినములలో అది యొకటి.

నా సూచన యిది. ఈ యేడు బిలసర్గమునకే పోవుదము. దసరాకు వలదు. అప్పటికి వానలు పూర్తిగా తగ్గవు, రాళ్ళు జారును. పుష్యమాసమున శని ఆదివారములు చాలును. ముందటి ఆదివారమున పిల్లలను మన ఊరి సంగనకల్లు కొండకును, ఫూట్ పేర ఇచ్చటనే వెలసిన ప్రదర్శనశాలకును తీసికొనిపోయి, రాతి గొడ్డలి యెట్లుండునో చూపుదము. శనివారమున గుంతకల్లు, డోన్ మీదుగా రైలులో బేతంచెర్ల చేరి, ప్రొద్దెక్కకముందే గుహలు చూచి వత్తుము. పది దాటిన పిల్లలును, నడువగల పెద్దలును మాత్రమే రావలెను. ఇరువదిమందికి మించరాదు. తక్కినవారు ఆదివారమున నేరుగా బెలుం రావచ్చును. అచ్చట అందరము కలసికొందుము. స్థలము తెలిసిన స్థానికుని ఒకరిని ముందుగనే మాటలాడి యుంచుదును. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, చేతిదీపము, బిగుతైన చెప్పులు తప్పవు. గబ్బిలములను అదలింపరాదు. మట్టిని త్రవ్వరాదు. ఎముకముక్క కనబడినను తీయరాదు.

ఐదేండ్ల క్రిందట గాయపడిన పెద్దమ్మగారి యింటికి నిన్న పోయి సంగతి చెప్పితిని. తాను బెలుం వత్తునని, మనుమని మాత్రము బిలసర్గం పంపుదునని సెలవిచ్చిరి. ఆ ప్రశ్న అడిగిన బాలునకు ఇప్పుడు పదమూడేండ్లు. వాని పేరు నా పట్టికలో మొదట వ్రాసికొంటిని. మిగిలిన పందొమ్మిది పేర్లకు కార్తీక పూర్ణిమ వఱకు గడువు. సాయంకాలము ఆరు తరువాత నా కొట్టులో వ్రాయించవచ్చును.