కరెంటు గదిలో చిన్నారి



క్యాన్సరు పసిపిల్లలకూ వస్తుంది. కొందరికి మందులతో పాటు రేడియేషన్ కూడా ఇస్తారు. మన ఊళ్లల్లో దాన్నే కరెంటు పెట్టడం అంటారు. ఈ మాటతోనే వచ్చింది చిక్కు. కరెంటు షాకు కొడుతుందని నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. బెదిరిపోదా మరి? నిజానికి ఒంటికి కరెంటు తగలదు. ఎక్స్‌రే తీసినట్టే ఉంటుంది. కిరణాలు కనపడవు. పడేటప్పుడు నొప్పి ఉండదు.

మరి భయం దేనికి? గదిలో పిల్ల ఒక్కతే ఉండాలి. కిరణాలు తగలకూడదని అమ్మను కూడా బయటికి పంపుతారు. గడ్డ తలలో ఉంటే మొహానికి వల లాంటి ప్లాస్టిక్ తొడుగు వేసి బల్లకు బిగిస్తారు. కదిలితే కిరణాలు పక్కకు పడతాయి. అందుకే చాలామంది చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు. వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు! మత్తు ఇచ్చే ప్రతిసారీ ముందు పస్తుంచాలి. ఆకలికి ఏడ్చే బిడ్డను ఎత్తుకుని వరండాలో తిరిగే తల్లి అవస్థ చెప్పనలవి కాదు.

బెల్జియం దేశంలో బ్రస్సెల్స్ నగరం ఉంది. అక్కడి ఒక ఆసుపత్రి వాళ్లు 2014లో చికిత్స గదిలో ప్రొజెక్టరు పెట్టారు. పిల్లలు మిషనులో పడుకుని బొమ్మల సినిమా చూసేవాళ్లు. అంతకు ముందు నూటికి 83 సార్లు మత్తు కావాల్సి వచ్చేది. తర్వాత అది 33కి తగ్గింది. లెక్కలోకి తీసుకున్నది 12 మంది పిల్లలనే. అయినా మంచి కబురే కదా!

అన్నిచోట్లా ప్రొజెక్టరు ఉండదు. ఆట మాత్రం ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. పిల్లలు ఆడే స్టాచ్యూ ఆట ఉంది కదా, అది పడుకుని ఆడాలి. మొదట పది అంకెలు లెక్కపెట్టేదాకా, తర్వాత యాభై దాకా. జల్లెడ మొహానికి అడ్డం పెట్టి అందులోంచి చూడమనాలి. ముందు బొమ్మకు పెట్టాలి, తర్వాత అమ్మ పెట్టుకోవాలి, ఆ తర్వాతే పిల్లకు. చికిత్సకు ముందే గదిని ఒకసారి చూపించమని అడగాలి.

కొన్ని ఆసుపత్రుల్లో ఊలు దారం ఒక కొస పిల్ల చేతికిస్తారు. ఇంకో కొస బయట అమ్మ పట్టుకుంటుంది. లాగకూడదు, పట్టుకుంటే చాలు. అమ్మ అక్కడే ఉందని పిల్లకు తెలుస్తుంది. మైకు ఉంటే అమ్మ కథ కూడా చదివి వినిపించవచ్చు. సిబ్బందిని అడిగితే చెబుతారు.

"అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు" అని మన ఇళ్లల్లో బెదిరిస్తుంటారు. ఈ మాట మానేయాలి. "నీతోనే ఉంటా" అని చెప్పి చాటుగా జారుకోవడం ఇంకా చెడ్డది. మర్నాడు ఆ పిల్ల గుమ్మం కూడా దాటదు. "నేను తలుపు బయట ఉంటా, డాక్టరు నిన్ను టీవీలో చూస్తుంటాడు, అవగానే వస్తా" అని నిజం చెప్పాలి.

ఎంత చేసినా కొందరు పిల్లలు ఉండలేరు. మరీ పసివాళ్లకు మత్తు తప్పదు. అది తల్లి తప్పు కాదు, పిల్ల మొండితనమూ కాదు. అలాంటప్పుడు అన్నం, పాలు ఎప్పుడు ఆపాలో, నీళ్లు ఎప్పటిదాకా తాగించవచ్చో నర్సమ్మను అడిగి, కాగితం మీద రాసుకోవాలి.