పాత కారు షెడ్డుకి కొత్త తలుపు: గేజ్ ఒక్కటే అడిగితే సరిపోదు

ఈరోజు టాపిక్ ఇంటికి విడిగా కట్టిన పాత కారు షెడ్డు. ఉక్కునగరం చుట్టుపక్కల, కూర్మన్నపాలెం, అగనంపూడి, గాజువాక వైపు పాత ఇండిపెండెంట్ ఇళ్లలో ఇవి కనిపిస్తాయి. గోడలు బానే ఉంటాయి, తలుపు మాత్రం కింద జానెడు మేర తుప్పు పట్టి రాలిపోతుంటుంది.

వెల్డింగ్ షాపులో మనం మొదట అడిగేది "రేకు ఎంత గేజ్?" అని. అడగండి, తప్పులేదు. కానీ మన దగ్గర తలుపుని తినేది ఉప్పుగాలి. అది నీళ్లు నిలిచే చోట మొదలవుతుంది: కింది అంచు, వెల్డింగ్ అతుకు, బందులు. అందుకే రెండో ప్రశ్న, "జింకు పూత ఎంత?" జీఐ రేకులో 120 జీఎస్ఎం ఉంటుంది, 275 కూడా ఉంటుంది. అంటే చదరపు మీటరుకి రెండువైపులా కలిపి అన్ని గ్రాముల జింకు. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. 275 తీసుకోండి. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది కాబట్టి అక్కడ శుభ్రంగా గీకించి జింక్ రిచ్ ప్రైమర్ వేయించండి.

ఇక గాలి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మనలో చాలామంది అప్పటికి స్కూలు పిల్లలే, కానీ గుర్తుంది కదా? గాలి లెక్కలకి ఇంజినీర్లు వాడే ఐఎస్ 875 కోడ్‌లో విశాఖకి బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు మీద పడే తోపుడు దాదాపు 800 కిలోల బరువంత! తలుపు ఊడితే గాలి లోపలికి దూరి పైకప్పు రేకుల్ని కింద నుంచి లేపేస్తుంది.

రోలింగ్ షట్టర్‌తో చోటు కలిసొస్తుంది. కానీ గట్టి గాలికి మధ్యలో ఉబ్బి గైడ్‌లోంచి బయటికొచ్చేస్తుంది. తీసుకుంటే విండ్ లాక్స్ ఉన్నదే తీసుకోండి. ముందు ఖాళీ ఉంటే నా ఓటు రెండు రెక్కల తలుపుకే. ఫ్రేముకి బాక్స్ పైపు వద్దు, లోపల నీళ్లు చేరి మనకి కనపడకుండా తుప్పు పడుతుంది. యాంగిల్ అయితే అన్ని వైపులా రంగు వేయొచ్చు. పైగా యాంగిల్స్ మన స్టీల్ ప్లాంట్ తయారుచేసేవే. రెక్కకి మూడు బందులు, పైనా కిందా గట్టి గడియలు, నేలకి అంగుళం ఖాళీ ఉండాలి.

ఆర్డర్ ఇచ్చే ముందు ఒక పని చేయండి. బందులు బిగించే పిల్లర్‌ని సుత్తితో మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే మొదటి ఖర్చు పిల్లర్‌కే పెట్టండి. ఎంత మంచి తలుపైనా ఆగేది దాని మీదే. ఉంటానండీ, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.