పరదేశమున మన పట్టా విలువ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లు ఒక గ్రామములో పఠనమందిరపు తలుపులు మూతపడకుండ కాపాడినవారికి ముందుగా నా నమస్కారములు. గ్రంథాలయమును గూర్చి నాకన్న బాగుగా చెప్పగలవారు ఈ వేదికపైననే యున్నారు. నాకు నిర్ణయించిన విషయము వేరు. చదువు, వృత్తినైపుణ్యము సంపాదించి పరదేశమునకు వలసపోయిన వారికి తగిన పని దొరకుటకు ఎట్టి సాయము కావలెను? పొలమమ్మి బిడ్డను పంపిన తల్లిదండ్రులు ఈ సభలోనే యుండవచ్చును గనుక ఇది దూరపు ముచ్చట కాదు. కెనడాలో, అందును టొరంటో నగరమున్న ఆంటేరియో రాష్ట్రములో, జరిగినదానిని నిదర్శనముగా గైకొందును.

1967లో కెనడా ప్రభుత్వము వలసకు మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టెను. అంతకు పూర్వము చిరకాలము ఏ దేశమువాడవని చూచెడివారు. అటుపైన ఏమి చదివితివి, ఏ పని వచ్చును, భాష యెంత వచ్చునని అడుగసాగిరి. మన పట్టాకు మార్కులు పడెను. అయితే అందొక చిక్కు కలదు. దేశములోనికి రానిచ్చునది కేంద్రప్రభుత్వము. ఇంజనీరునకు, వైద్యునకు, నర్సునకు లైసెన్సు నిచ్చునవి రాష్ట్రములలోని వృత్తిమండలులు. ఏ పట్టాను చూచి వారు ద్వారము తెరచిరో, ఆ పట్టానే చూచి వీరు ఆగుమందురు.

దానికితోడు యజమానులు, కెనడాలో పనిచేసిన అనుభవమున్నదా యని యడుగుదురు. అనుభవమున్నగాని పని లేదు, పని దొరకినగాని అనుభవము రాదు. పెండ్లి యైనగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదను మన సామెత వారికోసమే పుట్టినదేమో! ఈలోగా ఇల్లు గడుచుటకై ఇంజనీరు గిడ్డంగిలో పెట్టెలు మోయును. మరియొకడు టాక్సీ నడుపును. ఆ పనులలో అవమానమేమియు లేదు. కాని వృత్తికి దూరమైనకొలది నేర్పునకు తుప్పు పట్టును. రేపటి యజమాని ఆ ఎడమునే ముందు చూచును.

ప్రభుత్వము ఊరకుండలేదు. 2006లో ఆంటేరియో శాసనసభ వృత్తిమండలులు విదేశపట్టాలను న్యాయముగా, జాప్యము లేకుండ పరిశీలింపవలెనని చట్టము చేసెను. 2013లో అచ్చటి మానవహక్కుల సంఘము స్థానికానుభవమును కచ్చితముగా కోరుట పైకి చూడగనే వివక్షమని ప్రకటించెను. అయినను ఇంజనీర్ల మండలి ఆ నిబంధనను తొలగించుటకు 2023 మే మాసము వరకు పట్టెను! ఉద్యోగప్రకటనలలో అట్టి అనుభవమును కోరరాదను 2024 నాటి చట్టము 2026 జనవరి 1ని అమలు తేదీగా పెట్టుకొన్నది. అదియు ఇరువదియైదుగురికి తక్కువగాని ఉద్యోగులున్న సంస్థలకే. చట్టము నడక ఇట్టిది.

మనుష్యులు చేసిన సాయము ఇంతకన్న వేగముగా ఫలించునని నా యభిప్రాయము. టొరంటోలో 2003లో ఏర్పడిన ఉద్యోగమండలి యొకటి మరుసటి యేట ఒక పద్ధతి నారంభించెను. కొత్తగా వచ్చిన గణకుని పాత గణకునితో, కొత్త ఇంజనీరును పాత ఇంజనీరుతో జతపరచి కొన్ని నెలలు మాటలాడుకొననిచ్చుటయే ఆ పద్ధతి. చూచుటకు అల్పము. కాని దరఖాస్తులో తండ్రిపేరు, వయస్సు, వివాహమైనదా లేదా యన్నది వ్రాయరాదని మనవానికి ఎవరు చెప్పవలెను? వినయముతో 'మేము కట్టితిమి' అన్నచో, నీవు కట్టినదేమి యని వారడుగుదురని ఎవరు చెప్పవలెను? ప్రకటింపకయే నిండిపోవు ఉద్యోగములు అనేకము. వానిని గూర్చి పరిచయస్థునికే తెలియును.

పట్టాలో ఏ భాగము చాలలేదో తేల్చి, ఆ భాగమునే నేర్పుట మరియొక సాయము. జర్మనీ 2012 ఏప్రిల్ 1 నుండి ఇట్టి పరిశీలనకు విదేశపట్టభద్రులకు చట్టరీత్యా హక్కు నిచ్చినది. మొదటినుండి మరల చదువుమనుటకన్న ఇది ఎంతయో మేలు.

ఇక మన చేతిలోనిది. మన పదవతరగతి ధ్రువపత్రములో ఇంటిపేరు ఒక్క అక్షరముగా నుండును. పాస్‌పోర్టులో పూర్తిగా నుండును. డిగ్రీలో ఏది ముందో ఏది వెనుకో గుమాస్తా చిత్తము. అచ్చటి పరిశీలకునికి ముగ్గురు వేర్వేరు మనుష్యులుగా తోతురు. మార్కుల పట్టికలను అభ్యర్థి చేతినుండి గాక విశ్వవిద్యాలయము నుండియే కోరుట అచ్చట సామాన్యము. పాఠ్యప్రణాళిక ప్రతియు అడుగవచ్చును. ఇచ్చట నున్నపుడు రెండు మూడు బస్సు ప్రయాణములతో తీరు పని, సముద్రము దాటిన పిమ్మట ముసలితండ్రి కార్యాలయముల చుట్టు తిరుగవలసిన పని యగును. అనుభవపత్రములో 'సత్ప్రవర్తన గలవాడు' అన్న వాక్యము చాలదు. ఏ పనులు చేసెను, వారమునకెన్ని గంటలు చేసెను అన్నది వ్రాయించుకొనవలెను.

టొరంటో గ్రంథాలయములలో వలసవచ్చినవారికి దారి చూపు కార్యకర్తలు కూర్చుందురు. పుస్తకము కొరకు వచ్చినవాడు పని కొరకును అడుగవచ్చును. మన గ్రంథాలయమునకు అంత శక్తి లేకున్నను, ఇంతమాత్రము చేయగలదు. సంక్రాంతికి సెలవుపై వచ్చు మన యువకులను ఒక సాయంకాలము ఈ పఠనమందిరములో కూర్చుండబెట్టవలెను. కారుముందు నిలిచి తీయించుకొన్న ఫోటోలు అందరును చూచియున్నారు. మొదటి చలికాలము ఏ పని చేసితిరో, లైసెన్సు ఎన్నేండ్లకు వచ్చినదో, ఏ కాగితము లేక ఆగిపోయితిరో చెప్పుడని అడుగవలెను. తల్లిదండ్రులు ఆ పూట ముందువరుసలో కూర్చుండిన మంచిది. ఇంటివారి గౌరవమునకు వెరచియే వారు ఇన్నాళ్ళు నోరు మెదపలేదు. చెప్పినదానిని ఒక పుస్తకములో వ్రాసియుంచుటకు కార్యదర్శిగారు అంగీకరించినచో, మొదటి నోటుపుస్తకము నేను కొనియిత్తును.