హైడ్రోజన్ బంధం ఎంత దూరం?

ఈనాటి ప్రసంగం జూన్ సూటర్ స్మృతికి. న్యూజిలాండ్ నుంచి వచ్చి లండన్‌లో పనిచేసిన స్ఫటికశాస్త్రవేత్త ఆమె. 1962లో 'నేచర్' పత్రికలో ఆమె అన్న ఒక మాట నిలబడడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మాట బరువు తెలియాలంటే ఇంకో తొంభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

వాయువులోని అణువులు కూడా ఒకదానినొకటి లాక్కుంటాయని 1873లో వాండర్ వాల్స్ లైడెన్‌లో తన సిద్ధాంత గ్రంథంలో లెక్కగట్టారు. ఆ లాగుడు ఎక్కడ పుడుతుందో తేలడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది. ఒక కొసన ధనావేశం, రెండో కొసన ఋణావేశం ఉన్న అణువులు సర్దుకుని ఆకర్షించుకుంటాయని కీసమ్ చూపారు. అలాంటి అణువు తన పక్కదాని ఎలక్ట్రాన్లను కూడా ఒక వైపుకు జరుపుతుందని డిబై చూపారు. మరి ఏ కొసా లేని హీలియం, ఆర్గాన్ ద్రవాలెలా అవుతున్నాయి? 1930లో ఫ్రిట్జ్ లండన్ క్వాంటం సిద్ధాంతంతో జవాబిచ్చారు. పక్కపక్క పరమాణువుల్లో ఎలక్ట్రాన్ల కదలికలు ఒకదానితో ఒకటి పొంతన కుదుర్చుకుంటాయి, దానివల్లే ఆకర్షణ. అయితే దూరం రెట్టింపైతే ఈ ఆకర్షణ శక్తి 64వ వంతుకు పడిపోతుంది.

నీరు మాత్రం ఈ లెక్కల్లో ఇమడలేదు.

నీటి అణువుకన్నా దాదాపు రెట్టింపు బరువున్న హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నాకు 60 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. నీరు 100 డిగ్రీల దాకా ఆగుతుంది. 1920లో బర్కిలీలో లాటిమర్, రోడెబుష్ దీనికి కారణం చెప్పారు: ఒక నీటి అణువులోని హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌లోని ఎలక్ట్రాన్ జంటకు కూడా కట్టుబడుతుంది. అక్కడే విద్యార్థిగా ఉన్న హగిన్స్ అంతకుముందే ఇలాంటి ఊహ చేశాడు. రెండు నీటి అణువుల మధ్య ఈ హైడ్రోజన్ బంధం మోల్‌కు సుమారు 21 కిలోజౌల్స్. అణువు లోపలి ఆక్సిజన్-హైడ్రోజన్ బంధంలో అది ఇరవయ్యో వంతైనా కాదు. అయినా డీఎన్ఏ రెండు పోగులను జతపరిచేది ఈ బలహీన బంధమే.

ఫ్లోరిన్, ఆక్సిజన్, నైట్రోజన్‌లకు అంటిన హైడ్రోజన్‌కే ఈ గుణం ఉందని పాఠం స్థిరపడింది. క్లోరోఫారంలో హైడ్రోజన్ కార్బన్ మీదే ఉంటుంది; దాన్ని అసిటోన్‌తో కలిపితే బంధం కుదిరినట్టుగా వేడి పుడుతుందని తెలిసినా, కార్బన్‌ను వాకిట్లోనే నిలబెట్టారు. కెఫీన్ వంటి స్ఫటికాల నిర్మాణాలు తేల్చిన సూటర్, కొన్నిచోట్ల కార్బన్ మీది హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌కు మామూలుకన్నా దగ్గరగా ఉండడం గమనించారు. ఇదీ హైడ్రోజన్ బంధమేనన్నారు. 1968లో జెర్రీ డోనహ్యూ కాదన్నారు. ఆయన మాటకు బరువెక్కువ. డీఎన్ఏ నిర్మాణాన్ని వెతుకుతున్న వాట్సన్‌కు దాని క్షారాల్లో హైడ్రోజన్ల సరైన చోటును చెప్పినవారు ఆయనే. ఆ తర్వాత సూటర్ వాదన దాదాపు మూలపడింది.

చిక్కు పరికరంలోనూ ఉంది. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను చూస్తాయి. హైడ్రోజన్‌కున్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్ బంధం వైపు ఒరిగి ఉంటుంది కనుక పరమాణువు చోటు తప్పుగా కనబడుతుంది. న్యూట్రాన్లు నేరుగా కేంద్రకాన్ని పట్టుకుంటాయి. 1982లో కేంబ్రిడ్జ్‌లో రాబిన్ టేలర్, ఓల్గా కెన్నార్డ్ న్యూట్రాన్లతో తేల్చిన 113 స్ఫటిక నిర్మాణాలను గణాంక పద్ధతిలో పరిశీలించి, సూటర్ అన్నది నిజమేనని నిర్ధారించారు.

తర్వాతి అధ్యాయంలో కొంత భాగం హైదరాబాద్‌లో నడిచింది. 1979 నుంచి మూడు దశాబ్దాలు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గౌతమ్ దేశిరాజు అసలు తగవు కొలబద్దలోనే ఉందన్నారు. రెండు పరమాణువుల వాండర్ వాల్స్ వ్యాసార్ధాలు, అంటే బంధం లేకుండా ఆనుకున్నప్పటి వాటి పరిమాణాలు కలిపి, ఆ దూరం దాటితే బంధం లేదనడం అప్పటి ఆనవాయితీ. కానీ ఇక్కడ ప్రధానమైనది ఆవేశాల మధ్య ఆకర్షణ. లండన్ బలంలా అది గబుక్కున తగ్గదు, ఆ గీత దగ్గర ఆగిపోదు. కాబట్టి గీత అవతల కూడా కార్బన్ మీది హైడ్రోజన్ అణువుల అమరికను మలచగలదు. థామస్ స్టైనర్‌తో కలిసి ఆయన రాసిన బలహీన హైడ్రోజన్ బంధాల పుస్తకం 1999లో వచ్చింది.

2011లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య ఐయూపాక్ కొత్త నిర్వచనం ప్రకటించింది. దాన్ని రూపొందించిన బృందానికి బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఇ. అరుణన్ అధ్యక్షులు, దేశిరాజు అందులో సభ్యులు. హైడ్రోజన్‌ను మోసే పరమాణువు ఎలక్ట్రాన్లను హైడ్రోజన్‌కన్నా గట్టిగా లాగేదై ఉండాలి, బంధం ఏర్పడిందనడానికి సాక్ష్యం ఉండాలి అన్నది దాని సారం. పాలింగ్ కొలమానంలో హైడ్రోజన్ 2.20, కార్బన్ 2.55. కార్బన్ లోపలికి వచ్చింది. ఈ బంధాన్ని ఏ ఒక్క బలానికీ ఆ పత్రం కట్టిపెట్టలేదు: ఆవేశాల ఆకర్షణ, ఎలక్ట్రాన్ల పాక్షిక బదిలీ, లండన్ బలం మూడింటికీ అందులో పాలు ఉంది. 2013లో ఇదే తరహాలో, హైడ్రోజన్ చోట అయొడిన్ వంటి హాలోజన్ ఉండే హాలోజన్ బంధానికీ నిర్వచనం వచ్చింది. థైరాయిడ్ హార్మోన్లలోని అయొడిన్ ప్రోటీన్ల ఆక్సిజన్‌ను పట్టుకునే తీరును ఇప్పుడు ఆ పేరుతోనే చర్చిస్తున్నారు.